జవాబు రాకుండా దూకిన రోజు

మార్చి 3, సోమవారం

డాక్టర్ నా భుజాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఎముక బాగా అతుక్కుందని, ఇక సినిమాల్లో నిక్షేపంగా దూకొచ్చని చెప్పాడు. ఎనిమిది నెలల తర్వాత విన్న మొదటి మంచి మాట. ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున దిగాను.

అమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే విని, "సంతోషం. ఈసారి నీ తాడు మాత్రం వాడి చేతికి ఇవ్వకు," అంది. వాడంటే తమ్ముడు. పక్క గదిలోనే ఉన్నాడు, వినపడే ఉంటుంది. ఎనిమిది నెలలుగా అమ్మ వాడితో మాట కలపదు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే గోడకో, నాకో చెబుతుంది.

తమ్ముడు తాడు లాగడంలో ఆలస్యం చేశాడు, నేను పడ్డాను. అందరికీ తెలిసిన సంగతే.

మార్చి 4

అలమరా సర్దాను. సాయంత్రం మళ్ళీ అదే అలమరా సర్దాను.

మార్చి 6, గురువారం

చాలా రోజుల తర్వాత సెట్‌లో కాలు పెట్టాను. నేను పడింది వేరే సినిమాలో అయినా ఫైట్ మాస్టర్ ఆయనే, మనుషులూ వాళ్ళే. ఈసారిది రాజులూ రాక్షసులూ ఉన్న కథ. అంతా అయిపోయి ఆఖరి యుద్ధం మిగిలింది. రాకుమారి కోట బురుజు మీద నుంచి రెక్కల రాక్షసుడి మీదకి దూకి, వాడి మెడలో కత్తి దించుతుంది. వాడు విదిలించి కొడితే లోయలోకి పడిపోతుంది. అప్పుడు ఆమె తమ్ముడు విరిగిన వంతెన అంచున వేలాడుతూ ఆమె చెయ్యి అందుకుంటాడు. అప్పటికే వాడి వీపులో మూడు బాణాలు దిగి ఉంటాయి. అయినా వదలడు. ఇక్కడ జనం ఏడ్చి తీరాలని డైరెక్టర్ పట్టుదల. ప్రస్తుతానికి రాక్షసుడంటే పొడుగాటి కర్రకి కట్టిన పసుపు బంతి, లోయంటే ఆకుపచ్చ గుడ్డ కప్పిన పరుపులు.

మాట్లాడే రాకుమారి హీరోయిన్, దూకే రాకుమారి నేను. ఆమె డైలాగు ఇవాళ పదిసార్లు విన్నాను. "నా వెనక నా తమ్ముడున్నాడు. నా ముందు ఎవడుంటే నాకేంటి!" పదోసారికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో తెలీదు.

నా తమ్ముడూ అక్కడే ఉన్నాడు, ఒక మూల పొగ మిషన్ దగ్గర. తాడు నుంచి తప్పించాక మాస్టర్ వాడికిచ్చిన పని అదే. యుద్ధం అన్నాక పొగ ఉండాలిగా. అందరూ వాణ్ణి పొగరాజు అని పిలుస్తుంటే, వాడు తల వంచి దండం పెడుతూ, "ప్రజలారా, దగ్గండి," అంటున్నాడు. తాడు పట్టడంలో వాణ్ణి మించినవాడు లేడని ఒకప్పుడు ఇదే మాస్టర్ పదిమందిలో చెప్పేవాడు. ఇప్పుడు ఆయన వాడివైపు కన్నెత్తి చూడడు.

నా తాడు ఇప్పుడు కొత్తాయనకి ఇచ్చారు. ఆయన నిమిషానికోసారి వాచీ చూసుకుంటాడు. అందుకని గడియారం అని పేరు పెట్టాను. ఇరవయ్యో తేదీన నేను దూకాలి.

మార్చి 8, శనివారం

ఇవాళ ప్రాక్టీసు. నాకేదన్నా అయితే ఉండాలని ఒక కొత్తమ్మాయిని కూడా తెచ్చారు. మాస్టర్ నన్ను పక్కన నిలబెట్టుకుని మరీ ఆ పిల్లకి పద్ధతి చెప్పాడు.

"పైకెళ్ళాక నీ అరుపు నాకు వినపడదు, నా అరుపు నీకు వినపడదు. అందుకని తాడే మాట్లాడాలి. నువ్వు రెడీ అయ్యాక రెండుసార్లు గుంజు. కింద తాడు మనిషి వదులంతా లాగి బిగించుకుని, అప్పుడు ఒకసారి గుంజుతాడు. అది జవాబు. జవాబు వచ్చాకే దూకాలి. డైరెక్టర్ అరిచినా, వాళ్ళ తాత అరిచినా, జవాబు రాకుండా కాలు కదిపావంటే నా దగ్గర నువ్వు మళ్ళీ ఎక్కవు."

"తాడు మనిషి తప్పు చేస్తేనో సార్?" అని అడిగింది ఆ పిల్ల.

"ఆరు నెలలు పక్కన పెడతా. చేతి తప్పు దిద్దుకోవచ్చమ్మా. దూకేవాళ్ళకి పొగరెక్కితే దిద్దలేం."

నేను నా బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయాను. అవి కట్టే ఉన్నాయి.

తర్వాత బురుజెక్కాను. రెండుసార్లు గుంజాను. గడియారం జవాబిచ్చాడు, శుభ్రంగా, గట్టిగా. నా కాళ్ళు కదల్లేదు. మళ్ళీ గుంజాను, మళ్ళీ జవాబొచ్చింది. నిచ్చెన దిగి వచ్చేశాను. భుజం నొప్పిగా ఉందని చెప్పాను. నొప్పేమీ లేదు. గడియారం మీద నమ్మకం కుదరలేదు, అంతే.

మార్చి 9, ఆదివారం

అమ్మ బజారుకి వెళ్ళినప్పుడు తమ్ముడు ఆమె మిషన్ విప్పి కూర్చున్నాడు. వారం రోజులుగా దారం తెగిపోతోందని ఆమె గోడకి చెబుతూనే ఉంది. వాడికి స్క్రూడ్రైవర్ పిడికిట్లో ఇమడదు, వేళ్ళ కొసలతో పట్టుకుంటాడు. రెండు అరచేతులకీ అడ్డంగా, తాడు ఒరుసుకుపోయిన చోట, చర్మం ముడతపడి మెరుస్తూ ఉంటుంది. తాడు జారిపోయిందనడానికి అదే సాక్ష్యమని అందరూ అన్నారు.

"నొప్పి ఉందా?" అని అడిగాను.

"వాన పడబోతుంటే చెబుతుంది. ఇంట్లో వాతావరణ శాఖ పెట్టుకున్నట్టు," అన్నాడు.

అమ్మ వచ్చి కూర్చుని రెండు అంగుళాలు కుట్టింది. దారం తెగలేదు. నావైపు తిరిగి, "నువ్వు బాగు చేశావా?" అంది.

అవునన్నాను. వాడు గుమ్మం దగ్గరే ఉన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అవునని ఎందుకన్నానో ఎంత ఆలోచించినా అంతుబట్టదు. నోట్లోంచి అదే వచ్చేసింది.

మార్చి 11, మంగళవారం

కంపెనీ మేనేజర్ కాగితం తెచ్చాడు. పెద్ద సినిమా, పెద్ద హీరోయిన్, తప్పు చేసినవాడు సెట్‌లో తాళ్ళ దగ్గర తచ్చాడితే మంచిది కాదని పైవాళ్ళు అన్నారట. వాడి ఆరు నెలలు ఎప్పుడో పూర్తయినా, వాణ్ణి మళ్ళీ తీసుకోకూడదట. ఫైటర్ల సంఘం వాడికిచ్చిన తాడు కార్డు శాశ్వతంగా రద్దు చెయ్యాలి. దానికి దెబ్బ తగిలినవాళ్ళ సంతకం కావాలి.

"దూకువారి తప్పు ఏమీ లేదనియు, తాడు మనిషి ఆలస్యం వలననే ప్రమాదము జరిగినదనియు ధ్రువీకరిస్తున్నాను." కింద నా సంతకానికి చుక్కల గీత. ఆ గీత మీద అప్పుడే వేలు పెట్టి చూపించాడు.

"సోమవారం లోపు ఇవ్వమ్మా. తొందరేం లేదు," అన్నాడు. సోమవారం అంటేనే తొందర.

మార్చి 12

ఇంకా సంతకం పెట్టలేదు. పెన్ను కనపడలేదు.

(పైన రాసింది ఏ పెన్నుతో రాశానో నాకే నవ్వొస్తోంది.)

మార్చి 13, గురువారం

మళ్ళీ బురుజు. మళ్ళీ దిగిపోయాను. గడియారం పాపం తన వాచీ తీసి జేబులో పెట్టుకుని, "నా వల్ల ఏమన్నా ఇబ్బందా అమ్మా?" అని అడిగాడు. మంచివాడు. ఆయన తాడులో ఏ లోపమూ లేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధాలే రాస్తున్నాను. ఒక్కసారైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఆ రోజు నేను పైకెక్కి రెండుసార్లు గుంజాను. జవాబు రాలేదు. తాడు ఎక్కడో మెలిపడింది, వాడు గ్లౌజులు తీసేసి దాన్ని విడదీస్తున్నాడు. నాకది తెలీదు, కానీ జవాబు రాలేదని తెలుసు. కింద ఆ సినిమా డైరెక్టర్ మైకులో, "ఏంటమ్మా, భయమా?" అన్నాడు. అంతా గొల్లుమన్నారు. కొత్త హీరో కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళుగా దూకుతున్నాను, నాకు భయమా! జవాబు కోసం ఆగలేదు. దూకేశాను.

వాడు మెలి విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఒట్టి చేతులతో తాడు పట్టుకున్నాడు. వాడి అరచేతులు కాలిపోయాయి, కానీ వదల్లేదు. వదిలి ఉంటే నేను ఎముక విరగ్గొట్టుకోవడం కాదు, పోయేదాన్ని. నాకు ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికే వాడు మాస్టర్‌కి, "ఆలస్యం నాదే సార్," అని చెప్పేశాడు. నన్నడగలేదు. కాబట్టి ఆ అబద్ధం నాది కాదని ఎనిమిది నెలలు అనుకున్నాను. కానీ నేను నోరు విప్పొచ్చుగా. ఎవరూ నా నోరు నొక్కలేదుగా.

రాశాను. గాలి పీల్చుకోవడం కొంచెం సులువైంది.

మార్చి 14, శుక్రవారం

మధ్యాహ్నం పొగ మిషన్ వెనక కూర్చుని ఉన్నాడు. కాగితం చూపించాను. మొత్తం చదివి, మడతలు సరిచేసి ఇచ్చేశాడు.

"పెట్టెయ్ అక్కా."

"నీ కార్డు పోతుందిరా. ఇక ఎక్కడా తాడు ముట్టుకోనివ్వరు."

"పొగ బాగానే ఉందిలే. బరువు లేదు, బాధ్యత లేదు. మహా అయితే ఎవడో దగ్గుతాడు."

"నిజం చెబుతా."

అప్పటిదాకా నవ్వుతున్నవాడు టక్కున ఆపేశాడు. "చెబితే నువ్వు మళ్ళీ దూకవు. మాస్టర్ మాట మార్చే మనిషి కాదు. నేను తాడు లేకపోయినా ఏదో ఒకటి చేసుకుంటా. నువ్వు దూకకుండా ఉండగలవా? ఇంట్లో నిన్ను చూస్తున్నాగా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు. అలమరా అరిగిపోయింది."

"మరి అమ్మ నీతో..."

"అమ్మ ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుతుంది. నేనెక్కడికి పోతాను?"

మైకులో పొగ కావాలని అరిచారు. మిషన్ ఆన్ చేశాడు. పొగలో వాడి మొహం కనపడలేదు. అదే అదనుగా కళ్ళు తుడుచుకున్నాడేమో, ఏమో.

వాడు చెప్పింది నిజం. దూకకపోతే నేనెవర్ని? వంట రాదు, కుట్టు రాదు, ఒక చోట కూర్చోవడం అసలే రాదు.

మార్చి 15

సంతకం పెట్టాను.

మార్చి 16

చింపేశాను.

మార్చి 17, సోమవారం

చెప్పేశాను.

అందరూ ఉన్నప్పుడే చెప్పాలనుకున్నాను, ఒంటరిగా దొరికితే మాస్టర్‌ని బతిమాలుకుంటానని నా భయం. పొద్దున యుద్ధంలో చచ్చేవాళ్ళంతా వరసగా పడుకుని రిహార్సల్ చేస్తున్నారు. మాస్టర్ వాళ్ళ మధ్య నడుస్తూ ఎవరి కాలు ఎటుండాలో సర్దుతున్నాడు. నేను వెళ్ళి, "సార్, ఆ రోజు ఆలస్యం తమ్ముడిది కాదు. జవాబు రాకుండానే నేను దూకాను," అన్నాను. గొంతు ఎక్కువే లేచినట్టుంది. చచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి కూర్చున్నారు.

మాస్టర్ సర్దుతున్న కాలు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"ఎందుకు దూకావు?"

"భయమా అని నవ్వారు సార్."

"ఎనిమిది నెలలు ఎందుకు చెప్పలేదు?"

"భయం సార్."

పోయి నా బెల్ట్ తీసుకొచ్చి, కొత్తమ్మాయి చేతిలో పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మేనేజర్‌ని పిలిచి, కార్డు సంగతి ఇక ఎత్తొద్దని, గురువారం తాడు పొగరాజు పడతాడని చెప్పాడు. తర్వాత తమ్ముడి దగ్గరికి నడిచివెళ్ళి నిలబడ్డాడు. వాడి భుజం తట్టి వచ్చేశాడు.

తమ్ముడు నావైపు నడిచి వచ్చాడు. కౌగిలించుకుంటాడనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అన్నాడు. "ఎనిమిది నెలలు నేను మోసిందంతా ఒక్క నిమిషంలో పారబోశావు."

ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పాను. పెడల్ మీద ఆమె కాలు ఆగిపోయింది. మొదట నాకు గట్టిగా ఒక దెబ్బ పడింది, ఈ వయసులో. పడాల్సిందే. మిషన్ బాగు చేసింది కూడా వాడేనని చెప్పాను. అప్పుడు కూలబడిపోయింది.

"వాడి చేతులు ఎలా ఉన్నాయో నేను ఒక్కసారన్నా చూడలేదే," అంది. "కళ్ళెదురుగా తిరిగే బిడ్డ చేతులు చూడలేదే నేను."

మార్చి 18

అమ్మ మాట్లాడుతోంది, వాడు మాట్లాడటం లేదు. "నాన్నా, ఇది తిను, అది తిను" అని వెంట పడుతోంది. వాడు "ఊఁ" అంటున్నాడు. నాతో ఆ ఊఁ కూడా లేదు.

మార్చి 19

కిటికీ ఊచలు తుడిచాను. అన్నీ.

మార్చి 20, గురువారం

వెళ్ళకూడదనుకుంటూనే అందరికంటే ముందు వెళ్ళాను. కొత్తమ్మాయికి రాకుమారి బట్టలు వేశారు. లోపల బెల్ట్ బిగించడానికి ఎవరో వస్తే, నేను చేస్తానన్నాను. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. "అక్కా, నేను పడనుగా?" అంది. "జవాబు కోసం ఆగితే పడవు. ఎవరు నవ్వినా ఆగు," అని చెప్పాను. అది చెప్పే అర్హత ఇవాళ సెట్‌లో నాకంటే ఎవరికుంది?

ఆ పిల్ల పైకెక్కింది. కెమెరాలు సిద్ధం. కర్ర మీద పసుపు బంతి కూడా లేచింది. తాడు దగ్గర మాత్రం ఎవరూ లేరు. తమ్ముడు పొగ మిషన్ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పట్టనన్నాడట. మాస్టర్ వెళ్ళి అడిగినా కదల్లేదట. గడియారం పడతానంటే మాస్టర్ ఒప్పుకోలేదు. ఈ దూకుడికి వాడే కావాలంటాడు. ఇద్దరూ మొండిఘటాలే.

నేను వెళ్ళాను. వాడి ముందు నిలబడ్డాను.

"లే."

"లేవను. నీ తాడు పట్టడానికి నేర్చుకున్నా నేను ఈ పని. ఊళ్ళోవాళ్ళందరివీ పట్టడానికి కాదు."

"అది నా తప్పుకి ఆ పిల్లకి వేసే శిక్షరా. పావుగంట నుంచి ఒక్కతే పైన నిలబడింది."

తల దించుకుని మిషన్ మూత బిగించాడు.

"నామీద కోపం నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు పెట్టుకో. నన్ను క్షమించమని కూడా అడగను. లేచి గ్లౌజులు వేసుకో, చాలు. నువ్వు పట్టకపోతే నేను దూకడం మానేసింది దండగ."

నావైపు తలెత్తి చూశాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి. లేచి, ప్యాంటు దులుపుకుని, వెళ్ళి గ్లౌజులు తొడుక్కున్నాడు. ముడతపడిన చేతులకి అవి ఒక పట్టాన ఎక్కలేదు. తాడు చివర నేల మీద చుట్ట చుట్టి ఉంది. వెనక్కి తిరగకుండానే, "చివర పట్టుకో," అన్నాడు. ఎవరితో అన్నాడా అని అటూ ఇటూ చూశాను. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

పట్టుకున్నాను. పదకొండేళ్ళలో తాడుకి ఈ కొసన నిలబడడం ఇదే మొదటిసారి. పై నుంచి రెండు గుంజులు వచ్చాయి. వాడు వెంటనే జవాబివ్వలేదు. కప్పీ వైపు చూశాడు, పరుపుల వైపు చూశాడు, వదులు లాగి నాకందించాడు, మళ్ళీ కప్పీ వైపు చూశాడు. డైరెక్టర్ మైకులో ఏదో అరుస్తున్నాడు. వాడికది వినపడినట్టే లేదు. పైనున్నప్పుడు నాకు ఆ కాసేపు యుగంలా ఉండేది, కింద వీడేం చేస్తున్నాడని పళ్ళు నూరేదాన్ని. వీడు చేస్తున్నది ఇదా! నేను బతకడానికి కావలసినవన్నీ ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు, ప్రతిసారీ, పదకొండేళ్ళుగా.

అప్పుడు ఒక్కసారి గుంజాడు.

ఆ పిల్ల దూకింది. బరువు పడగానే ఇద్దరం అడుగు ముందుకి జారాం, నిలదొక్కుకున్నాం. బంతి మెడలో కత్తి దిగింది, ఆ విసురుకి ఆ పిల్ల వంతెన దాకా కొట్టుకొచ్చింది, రాకుమారుడు చెయ్యి అందుకున్నాడు. వీపులో బాణాలతో వాడు అరిచిన అరుపుకి చచ్చి పడున్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ పిల్లని మెల్లగా దించాం.

తమ్ముడు తాడు వదల్లేదు. అటే చూస్తూ, "ఎలా దూకింది?" అని అడిగాడు.

"బాగా దూకింది," అన్నాను. ఊరుకోవచ్చుగా, నా నోరు ఊరుకోదు. "నేనైతే ఇంకా బాగా దూకేదాన్ని."

"తెలుసు," అన్నాడు. గ్లౌజు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ సినిమాలో అందరికంటే బాగా దూకే మనిషి ఇక దూకదని ఏడ్చినవాడు ప్రపంచంలో వాడొక్కడే. నేను తాడు చివర పట్టుకునే వాడి వీపుకి తల ఆనించి ఏడ్చాను. డైరెక్టర్ మమ్మల్ని చూసి, షాట్ ఎంత బాగా వచ్చిందో చూడండి, తాడు వాళ్ళు కూడా ఏడుస్తున్నారని పొంగిపోయాడు.

మాస్టర్ దగ్గరికి వచ్చి నా చేతిలో తాడు వైపు చూశాడు. వదలమంటాడనుకున్నాను. జేబులోంచి ఇంకో జత గ్లౌజులు తీసి నా భుజం మీద వేసి, రెండో టేకుకి సిద్ధం కమ్మన్నాడు. కళ్ళు తుడుచుకుని సిద్ధమయ్యాం, వాడు ముందు, నేను వెనక.